తడిసిన ఫోన్‌కి చార్జర్ పెట్టకండి: వానాకాలం జాగ్రత్తలు

మొన్న ఆదివారం పొద్దున్నే షాపు తెరిచేసరికి ఆటో నడిపే ఒకాయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కవరు, అందులో ఫోను. చార్జింగ్ పిన్ చుట్టూ నల్లగా మాడిపోయి ఉంది. ముందురోజు సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర వానలో తడిసి దానంతటదే ఆగిపోయిందట. ఇంటికెళ్లి గుడ్డతో తుడిచి, రెండు గంటలు బియ్యం డబ్బాలో పెట్టి, ఆరిపోయి ఉంటుందిలే అని తలగడ పక్కనే చార్జింగ్ పెట్టి పడుకున్నారు. అర్ధరాత్రి కాలిన వాసనకి ఆయన భార్యకి మెలకువ వచ్చింది. దిండు గలీబు అంచు కాలుతోంది. ఆ పక్కనే పిల్లవాడు. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

విజయవాడలో చాలా ఏళ్లుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు బురద పట్టిన సెట్లు రోజూ వచ్చేవి. వానలో ఫోన్‌ని కవర్లో పెట్టుకోవాలి, టీ గ్లాసు ల్యాప్‌టాప్ పక్కన పెట్టకూడదు లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. నేను చెప్పాల్సింది ఒక్కటే. తడిసినదాన్ని పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. చార్జింగ్ పెట్టకండి.

నీళ్ల కంటే కరెంటే ప్రమాదం

ఆ వరదలో బ్యాటరీ పూర్తిగా అయిపోయి, రెండు రోజులు నీళ్లలో ఉన్న సెట్లు కొన్ని శుభ్రం చేశాక బతికాయి. పది సెకన్లు బకెట్లో పడి, తీసిన వెంటనే ఆన్ చేసి చూసిన ఫోన్లు పోయాయి. తేడా అంతా కరెంటులోనే ఉంది.

ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద వెంట్రుక కంటే సన్నటి రాగి దారులు ఉంటాయి. కుళాయి నీళ్లలోనూ, వానలో రోడ్డు మీంచి చిమ్మే నీళ్లలోనూ లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి వాటిలోంచి కరెంటు పారుతుంది. అలా పారినప్పుడు రాగి కరిగి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. పచ్చగా చిలుం పడుతుంది. ఇత్తడి బిందెకి చిలుం పట్టడానికి చాలా రోజులు పడుతుంది. కరెంటున్న బోర్డుకి గంటలు చాలు, ఒక్కోసారి నిమిషాలే. చార్జర్ పెడితే పిన్ దగ్గరికే 5 వోల్టులు వస్తాయి, ఫాస్ట్ చార్జర్ అయితే 9 లేదా అంతకన్నా ఎక్కువ. అక్కడ తడి ఉంటే షార్ట్ అయి పిన్ మాడుతుంది.

టీ, కూల్‌డ్రింక్ ఒలికితే తడి ఆరినా చక్కెర, పాల జిగురు లోపలే ఉండిపోతాయి. అన్నిటికంటే చెడ్డది ఉప్పునీరు. మంగినపూడి బీచ్‌లో తడిసిన ఫోన్‌ని రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే బోర్డు విప్పించాలి.

తడవగానే

ఫోన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ఆగిపోయి ఉంటే అలాగే వదిలేయండి. టచ్ పనిచేయక ఆఫ్ కావడం లేదంటే వెంటనే షాపుకి తీసుకెళ్లి లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించండి. ల్యాప్‌టాప్ అయితే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి అడాప్టర్ పీకేయండి. తర్వాత పూర్తిగా ఆగేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. సేవ్ చేయని ఫైలు పోతే పోనివ్వండి. కీబోర్డు కిందికి ఉండేలా తువ్వాలు మీద గుడారంలా బోర్లించండి.

ఇక బియ్యం సంగతి. బోర్డు మీది షీల్డుల (చిప్పుల్ని కప్పే రేకు మూతల) కింద చేరిన నీటిని బియ్యం బయటికి లాగలేదు. దాని పొడి, నూకలు పిన్‌లో ఇరుక్కుంటాయి. యాపిల్ కంపెనీ కూడా ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దనే చెబుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి: బియ్యంలో పెట్టాం కదా, ఆరిపోయింది అన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే చార్జర్ పెడతారు.

మిగతావి వరుసగా చెబుతాను.

నీళ్లు లోపలికి పోకుండా సీలు వేసిన ఐపీ68 రేటింగ్ ఫోనే కదా అని నమ్మకండి. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, మంచినీళ్లలో చేస్తారు. గ్లాసు పగిలినా, డిస్‌ప్లే మార్పించినా ఆ సీలు మునుపటిలా ఉంటుందన్న హామీ లేదు.

హెయిర్ డ్రయ్యర్ వద్దు. గాలికి నీళ్లు ఇంకా లోపలికి పోతాయి, వేడికి గమ్ము వదులవుతుంది.

ఊపకండి. ఎండలో పెట్టకండి.

పిన్‌లోకి దూది, అగ్గిపుల్ల, సూది పెట్టకండి.

పిన్‌లో తడి ఉందని ఫోనే హెచ్చరిస్తే చార్జర్ తీసేయండి. వేరే చార్జర్‌తో ప్రయత్నించకండి.

సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోండి. ఓటీపీలు, కాల్స్ అందులో వస్తుంటే దీన్ని ఆన్ చేయాలన్న టెన్షన్ ఉండదు.

ఏం ఒలికిందో షాపులో దాచకండి. చాలా ఫోన్లలో తడి తగిలితే ఎర్రబడే స్టిక్కర్ ఉంటుంది, మాకు ఎలాగూ తెలుస్తుంది. మాకు కావలసింది టీనా, ఉప్పునీరా అన్న సంగతి.

షాపులో బోర్డు బయటికి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. షాపువాళ్లు విప్పకుండా కాస్త వేడిగాలి కొట్టి చార్జర్ పెట్టబోతే ఫోన్ వెనక్కి తీసుకోండి.

రెండు రోజులు బాగానే పనిచేసిందని ఊరుకోకండి. చిలుం తర్వాత కూడా పాకుతుంది.

వెనక మూత ఉబ్బితే, ఘాటు వాసన వస్తే నొక్కకండి, పొడవకండి, విప్పకండి. కాలే వస్తువులకి దూరంగా ఆరుబయట గచ్చు మీద పెట్టండి.

ఫొటోలు ఈ రాత్రికే బ్యాకప్ చేసుకోండి. ఇప్పటి ఫోన్లలో డేటా తాళం వేసి ఉంటుంది. బోర్డు చనిపోయాక మెమరీ చిప్ ఊడదీసినా అవి చదవలేం. ఆ ఆటో ఆయన ఫోన్‌లో పిల్లవాడి అన్నప్రాశన ఫొటోలు ఉన్నాయి. మూడు రోజులు ప్రయత్నించాను, తీయలేకపోయాను.

తలగడ పక్కన చార్జింగ్ వద్దు. తడవని ఫోన్ అయినా వద్దు.

ఆన్ చేయకండి. చార్జింగ్ పెట్టకండి. ఇంట్లో అమ్మకి, నాన్నకి, పిల్లలకి ఈ రోజే చెప్పండి. మీరు లేనప్పుడు ఫోన్ తడిస్తే చార్జర్ పెట్టేది వాళ్లే.