షుగర్ రిపోర్టును కణాల స్థాయిలో అర్థం చేసుకోవడం ఎలా

హనుమకొండలోని ల్యాబ్ నుంచి రిపోర్టు అందగానే ముందుగా పరగడుపు గ్లూకోజు అంకెను చూడండి: డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకు మించితే మధుమేహం, 100 నుంచి 125 వరకు దాని ముందు దశ; లక్షణాలు లేనప్పుడు నిర్ధారణకు మరో పరీక్ష అవసరం.

ఇన్సులిన్ కండర కణంపై ఉన్న గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీనుకు) అంటుకున్నప్పుడు, లోపల నిల్వ ఉన్న గ్లుట్-4 అనే ప్రోటీన్లు కణం పైపొరకు చేరి గ్లూకోజును లోనికి పంపుతాయి. కండరాల్లోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకుంటే ఈ సంకేతం మందగిస్తుంది, కాలేయం సైతం గ్లూకోజు విడుదలను తగినంతగా తగ్గించదు. క్లోమంలోని బీటా కణాలు ఏళ్ల తరబడి అదనపు ఇన్సులిన్‌తో ఈ లోటును కప్పిపుచ్చి, చివరకు అలసిపోతాయి. కాబట్టి నడుము చుట్టుకొలత పెరుగుతున్నప్పుడు మామూలు అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదు.

తరువాత తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికి మధుమేహం ఉందో రాసుకోండి, ఎందుకంటే దీనిలో వంశపారంపర్య పాత్ర ఉంది. 2006లో గుర్తించిన టీసీఎఫ్7ఎల్2 జన్యు రూపభేదం ఇన్సులిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. అయితే ఇలాంటివి వందల సంఖ్యలో ఉన్నందున, ఒక్క జన్యువు పరీక్షకు డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా.

హెచ్‌బీఏ1సీ, అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలిచే పరీక్ష, సుమారు మూడు నెలల గ్లూకోజు సగటును తెలుపుతుంది, 6.5 శాతం నుంచి మధుమేహంగా పరిగణిస్తారు. ఆదిలాబాద్ ప్రాంత గోండు కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం ఎర్ర రక్తకణాలు త్వరగా నశిస్తాయి కనుక అది తక్కువగా కనిపించవచ్చు. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పి, గ్లూకోజు పరీక్షలనే అడగండి.