శ్రావణానికి చేతిమీద అమ్మవారి రూపం: కోన్ పట్టకముందే చూసుకోవాల్సినవి

తీగ వంకరపోతే పక్కన ఇంకో ఆకు వేసి సర్దేయొచ్చు. అమ్మవారి కన్ను వంకరపోతే సర్దడానికి దారి లేదు. వెంటనే తుడిచినా చర్మం మీద లేత మరక మిగులుతుంది, తెల్లారేసరికి అదీ ముదురుతుంది. అందుకే దేవతామూర్తుల మెహందీకి జాగ్రత్తంతా ముందే పడాలి.

మొదట కోన్ సంగతి. ‘పది నిమిషాల్లో నల్లగా పండుతుంది’ అని అమ్మేవాటి జోలికి పోవద్దు. గోరింటాకు ఎర్రగా, మహా అయితే ముదురు గోధుమరంగులో పండుతుంది, నల్లగా పండదు. ఆ నలుపు కోసం తరచూ తల రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. పడనివాళ్లకు గీసిన గీత వెంబడే బొబ్బలు లేస్తాయి, మచ్చలూ మిగలొచ్చు. ఆ తర్వాత తలకు రంగు వేసుకున్నా దురదలు, వాపులు రావచ్చు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకైతే అసలైన గోరింటాకు కూడా పెట్టకూడదు, రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో కలుపుకుంటే వస్త్రగాలితం పట్టిన గోరింటాకు పొడి 100 గ్రాములు, లావెండర్ నూనె 25 మి.లీ., గట్టి పెరుగులా అయ్యేంత నిమ్మరసం లేదా నీళ్లు. పంచదార మామూలుగా 25 గ్రాములు వేస్తారు గానీ, శ్రావణంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి 15 చాలు. ఎక్కువైతే ముద్ద తేమ లాక్కుని జారుతుంది, కనురెప్ప వెళ్లి కనుబొమ్మలో కలిసిపోతుంది. ఎనిమిది గంటలు నాననిచ్చి, అరచేతిలో చిన్న చుక్క పెట్టి ఐదు నిమిషాలకు తుడవండి. నారింజ మరక కనిపిస్తే సిద్ధమైనట్టే. నైలాన్ గుడ్డలో వడకట్టడం మానొద్దు. ఒక్క నలక అడ్డుపడితే గీత తెగుతుంది, గట్టిగా నొక్కితే ఒక్కసారిగా ముద్ద పడుతుంది. రుబ్బిన పచ్చి ఆకు చందమామలకు బాగుంటుంది, ముఖాలకు పనికిరాదు.

ఇక చోటు. అరచేతిలో రంగు బాగా పండుతుంది నిజమే, కానీ చేతిరేఖలు ముఖాన్ని చీలుస్తాయి, చెయ్యి ముడిచినప్పుడల్లా ముద్ద పగులుతుంది. పైగా అన్నం కలిపే చెయ్యి. ముఖం మణికట్టు దాటాక ముంజేతి లోపలివైపు వేసి, అరచేతిలో కలశం, తామర వేయడం మేలు. రంగు కొంచెం లేతగా వచ్చినా రూపం చెడదు. ముఖం రెండు అంగుళాలకు తగ్గితే కళ్లు అలుక్కుపోతాయి. చర్మభాగం ఖాళీగా వదిలి, జుట్టు, కిరీటం మాత్రమే నింపండి. పాదాలకు పారాణి, తీగలే. దేవతారూపాలు, శంఖచక్రాలు, ఓంకారం వద్దు.

పెళ్లికూతురికి వేంకటేశ్వరస్వామిని వేసేటప్పుడు ఎక్కువగా దొర్లే తప్పు శంఖచక్రాలు తారుమారు కావడం. సెల్ఫీలోంచో, అద్దంలో తీసిన ఫొటోలోంచో చూసి వేస్తే కుడిఎడమలు మారతాయి. చక్రం స్వామి కుడిచేతిలో, అంటే చూసేవారికి ఎడమవైపు ఉండాలి. కింది కుడిచెయ్యి పాదాలను చూపుతుంది, ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంటుంది. తల ఎటువైపో కూడా ముందే తేల్చుకోండి: చేతులు పైకెత్తి చూపిస్తారు కాబట్టి వేళ్లవైపు తల ఉంటే నిటారుగా కనిపిస్తుంది. వేసేవాళ్లు ఎదురుగా కూర్చుంటారు, ఇక్కడే తికమకపడతారు.

వ్రతం శుక్రవారం కాబట్టి బుధవారం సాయంత్రం పెట్టించుకోండి. వ్యాక్సింగ్ ఉంటే అంతకుముందే కానివ్వాలి. కనీసం ఆరేడు గంటలు ఉంచి, గురువారం పొద్దున నీళ్లు తగలకుండా గీరి తీసి నువ్వులనూనె రాయండి. అప్పటికి నారింజరంగే ఉంటుంది, కంగారు వద్దు. పూర్తిగా పండటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. గురువారం సాయంత్రం దాకా గిన్నెలు, బట్టలు ఇంకొకరికి అప్పగించాల్సిందే. పెళ్లి ఇంట్లో మెహందీ తర్వాత మంగళస్నానం ఉంటే ముంజేతులకు నలుగుపిండి రుద్దనివ్వకండి, పైచర్మంతో పాటు రంగూ లేచిపోతుంది.