వానలూ తుఫాన్లూ మొదలుకాక ముందు వీల్‌చైర్ వాడేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొండలకూ సముద్రానికీ నడుమ విస్తరించిన విశాఖపట్నంలో చదునైన దారి తక్కువ. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ రోడ్డు వైపు దిగే వీధులైనా, ఆరిలోవ వైపు కొండవాలు కాలనీల దారులైనా ఏదో ఒక దిక్కుకు వాలుతూనే ఉంటాయి. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి అక్టోబరు, నవంబరు నెలల తుఫాన్లు దాటేవరకు ఆ వాలుకు తడి కూడా తోడవుతుంది. అందువల్ల చేతితో నడిపే వీల్‌చైర్ వాడేవారు ఎండలు ఉండగానే కుర్చీని పూర్తిగా పరీక్షించుకోవాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది బ్రేకు. ఇది ఆగి ఉన్న కుర్చీని కదలకుండా పట్టి ఉంచడానికి అమర్చినదే గాని, కదులుతున్న కుర్చీ వేగాన్ని తగ్గించడానికి కాదు. ఈ తేడాను కుర్చీ అమ్మేవారు చెప్పడం అరుదు కనుక, దిగుడులో జోరు పెరిగినప్పుడు కంగారుగా బ్రేకు లాగేవారు చాలామంది ఉంటారు. అలా లాగిన వైపు చక్రం బిగుసుకుపోయి కుర్చీ పక్కకు తిరిగిపోవడమో, కూర్చున్న మనిషి ముందుకు పడటమో జరుగుతుంది. పైగా చాలా కుర్చీల్లో బ్రేకు టైరును నొక్కి పట్టుకుంటుంది. గాలి టైర్లు ఉన్న కుర్చీలో గాలి తగ్గితే బ్రేకు ఎంత కొత్తదైనా పట్టు ఉండదు. టైరు పక్కన ముద్రించిన మేరకు గాలి నింపి, రెండు బ్రేకులూ వేసి, ఎవరూ కూర్చోకుండా వెనుక నుంచి గట్టిగా తోసి చూడాలి. టైరుపై నీళ్లు చల్లి అదే పరీక్షను మళ్లీ చేయాలి. చక్రం కొంచెం తిరిగినా బ్రేకును సరిచేయించుకోవలసిందే.

దిగుడులో వేగాన్ని అదుపు చేసేది చక్రం పక్కన ఉండే రింగుపై అరచేతుల పట్టు మాత్రమే. తడిసిన స్టీలు రింగు చేతిలో జారిపోతుంది కాబట్టి, అరచేతి వైపు రబ్బరు పట్టు ఉన్న చేతి తొడుగులు కొని ఉంచుకోవడం మంచిది. వాలుకు అడ్డంగా వెళ్లేటప్పుడు కుర్చీ పల్లం వైపు లాగుతుంది. దిగుడు మధ్యలో తిరగబోతే పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. తోడు మనిషి ఉంటే నిటారు వాలును వెనక్కి తిరిగి దిగాలి, అంటే తోసేవారు పల్లం వైపు ఉండి కుర్చీ బరువును తమ శరీరంతో ఆపుకుంటూ దింపాలి. తడిసిన నిటారు వాలును ఒంటరిగా దిగడం ఎంత అలవాటు ఉన్నవారికైనా తగదని నా గట్టి అభిప్రాయం; చుట్టు దారి ఎంత దూరమైనా అదే మేలు. ఇంటి ముందు ర్యాంపు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నున్నటి గ్రానైటు పరిచి ఉంటే గరుకు పట్టీలు అతికించి, వానాకాలమంతా పాచి పట్టకుండా రుద్ది కడుగుతుండాలి.

జ్ఞానాపురం వంటి పల్లపు చోట్ల గానీ, గెడ్డలు (వాగులు) పొంగిన వీధుల్లో గానీ నిలిచిన నీటిలోకి కుర్చీని దించకూడదు. గుంత ఎక్కడ ఉందో, కాలువ మూత ఎక్కడ లేదో నీటి అడుగున కనబడదు, ముందు చిన్న చక్రం దిగబడితే మనిషి ఎగిరి ముందుకు పడతారు. తడిసి ఇంటికి వచ్చాక చక్రాలనూ ఇరుసులనూ మంచినీటితో తుడిచి, ఆరబెట్టి, నూనె చుక్క వేయాలి, ఎందుకంటే ఉప్పుగాలికి ఇక్కడ బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. రెయిన్‌కోటు అంచు, చీర కొంగు, చున్నీ చక్రం పుల్లల్లో చిక్కకుండా ఒడిలోకి మడుచుకోవాలి. వెనుక హ్యాండిళ్లకు బరువైన సంచి తగిలిస్తే ఎక్కుడులో కుర్చీ వెనక్కి పడుతుంది.

స్పర్శ తెలియనివారికి తడిసిన కుషన్ చాలా ప్రమాదకరం. తడిలో చర్మం మెత్తబడి, ఒత్తిడికి త్వరగా పుండు పడుతుంది. కుషన్‌కు రెండో తొడుగు సిద్ధంగా ఉంచుకుని, ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి చేతులపై లేచి గానీ, పక్కలకు వంగి గానీ ఒత్తిడి తగ్గించుకుంటూ, రాత్రి పడుకునే ముందు తుంటి, పిరుదుల చర్మాన్ని అద్దంలో చూసుకోవాలి. మంచం మీదికి మారేటప్పుడు కుర్చీని కొద్దిగా వెనక్కి జరిపితే చిన్న చక్రాలు ముందుకు తిరుగుతాయి, అప్పుడు ముందుకు వంగినా కుర్చీ సులువుగా బోల్తా పడదు. ఆ తరువాత బ్రేకులు వేసి, పాదాల పలకలను పైకి మడవాలి. వాటిపై ఎన్నడూ నిలబడకూడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. కరెంటు లేకపోతే లిఫ్టు ఉండదు. పై అంతస్తుల్లో ఉండేవారు తుఫాను హెచ్చరిక రాగానే కింది అంతస్తులోని బంధువుల ఇంటికి ముందే మారడం ఉత్తమం. మందులు, క్యాథెటర్లు (మూత్రం తీసే గొట్టాలు), గాలి పంపు, అదనపు ట్యూబు ఒక సంచిలో సర్దుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దివ్యాంగుల వివరాలను నమోదు చేసి ఉంచాలి, ప్రమాదం గురించి వారికి తెలియజేయాలి. కనుక మీ వివరాలు చేరాయో లేదో వార్డు సచివాలయంలో ఇప్పుడే అడగండి.

మెట్ల మీదుగా దింపవలసి వస్తే, కూర్చున్నవారి ముఖం దిగే వైపు ఉండేలా కుర్చీని వెనక్కి వాల్చి, బలమైన మనిషి పైనుంచి హ్యాండిళ్లనూ, మరొకరు కింద నుంచి ఫ్రేమునూ పట్టుకుని ఒక్కో మెట్టు దింపాలి. ఊడివచ్చే చేతిపట్టీలనూ, పాదాల పలకలనూ పట్టుకుని ఎత్తకూడదు. సాయం చేయగల పొరుగువారిని ముందే పిలిచి, ఎక్కడ పట్టుకోవాలో చూపించి, మొదట ఖాళీ కుర్చీతో, పొడి మెట్ల మీద సాధన చేయించండి.