కార్తీక స్నానాలకు ముందే: సికిల్ సెల్ ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

వంశధార ఒడ్డున ఉన్న మాకు కార్తీకం వస్తే తెల్లవారుజామున ఏటి స్నానం తప్పదు. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్నవాళ్లను మాత్రం దయచేసి ఆ చన్నీళ్లలో దింపకండి. చలికి సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. కొడవలిలా వంగి బిరుసెక్కిన ఎర్రకణాలు అక్కడ ఇరుక్కుంటే ఎముకకు ప్రాణవాయువు అందదు. మా తమ్ముడికి రెండేళ్ల కిందట అలాగే అయింది. "అన్నియ్యా, ఎముకలో మేకు దిగ్గొడుతున్నట్టుంది" అని మోకాలు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. ఇంట్లో గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే పుణ్యమేమీ తగ్గదు.

ఆసుపత్రికి తీసుకెళ్తే ఒకరు "రక్తం ఎనిమిదే ఉంది, ఎక్కించాలి" అన్నారు. ఇంకొకరు "మిగతా రిపోర్టులు బాగానే ఉన్నాయి, అంత నొప్పి ఉండదే" అన్నారు. మావాడికి ఒంట్లో బాగున్నప్పుడూ హిమోగ్లోబిన్ ఎనిమిదే! ఇక నొప్పి ఉందో లేదో ఖాయంగా తేల్చే రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. నొప్పి ఎంతుందో పడేవాడే చెప్పాలి, మనం నమ్మాలి.

అందుకే చలి ముదరకముందే, నొప్పీ జ్వరమూ లేని రోజు చూసి టెస్టులు చేయించండి. మా తమ్ముడి నోటుబుక్కు మొదటి పేజీలో "బాగున్న రోజు, హిమోగ్లోబిన్ 8.1" అని ఉంటుంది. దాని కింద రెటిక్యులోసైట్లు, తెల్లకణాలు, బిలిరుబిన్, ఎల్‌డీహెచ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. ఎర్రకణాలు మరీ ఎక్కువగా పగిలితే బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ పెరుగుతాయి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే సికిల్ కణం 10, 20 రోజులకే పోతుంది. ఆ లోటు పూడ్చడానికి మజ్జ గబగబా పుట్టించే కొత్త కణాలే రెటిక్యులోసైట్లు. అవి ఒక్కసారిగా తగ్గి, హిమోగ్లోబిన్ కూడా 8 నుంచి 5కి దిగిందంటే ఆలస్యం చేయొద్దు. పాత అంకె చేతిలో ఉంటేనే డాక్టరుకు ఆ తేడా తెలుస్తుంది.

నొప్పులు తరచూ రాకుండా ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతుంటే పండగ హడావిడిలో మానేయకండి, రక్తపరీక్షల తేదీ దాటనివ్వకండి. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు సొంతంగా మింగించొద్దు.

చలికాలంలో దాహం వేయదు, అయినా నీళ్లు తాగుతూనే ఉండాలి. వరికోతలకు వెళ్తే సీసా వెంట ఉండాలి, మధ్యమధ్య కూర్చోవాలి. నొప్పి చోట ఐసు పెట్టకండి, వెచ్చటి కాపడం పెట్టండి.

101 డిగ్రీల జ్వరం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, పిల్లలైతే పాలిపోయి ఎడమ వైపు పొట్ట ఉబ్బడం: వీటిలో ఏది కనిపించినా పసరు మందులతో పొద్దు గడపకుండా 108కి ఫోన్ చేయండి.

మా ఇంట్లో ఆ నోటుబుక్కూ మందుల సంచీ వీధి తలుపు వెనక మేకుకే వేలాడుతుంటాయి. అర్ధరాత్రి బయల్దేరాల్సి వస్తే వెతుక్కునే టైం ఉండదు.