మన ఎండల్లో ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఎక్కువ కాలం రావాలంటే

కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా ఎవరో ఒకరు చెప్తారు, మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టు, తర్వాత మొత్తం అయిపోయేదాకా వాడి అప్పుడు మళ్ళీ ఫుల్ చెయ్యి అని. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి సలహా అండి, వాటికి సగంలో ఛార్జ్ చేస్తే ఆ సగమే అలవాటైపోయే గుణం ఉండేది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది, ఇప్పుడు మన ఫోను, ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంక్ అన్నిట్లో ఉండేది ఆ జాతిదే. దీనికి ఆ గుణం లేదు, పైగా పూర్తిగా సున్నాకి దించడమే దీనికి చెడు. ఎప్పుడు వీలైతే అప్పుడు కొంచెం కొంచెం ఛార్జ్ చేసుకోండి, ఏం కాదు.

దీన్ని పాడుచేసేవి ముఖ్యంగా రెండు, వేడి ఒకటి, ఎప్పుడూ ఫుల్‌గా ఉంచడం రెండోది, రెండూ కలిస్తే ఇంక చెప్పక్కర్లేదు. ఒక బ్యాటరీని 40 శాతం ఛార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాది పక్కన పెడితే దాని కెపాసిటీ దాదాపు 96 శాతం మిగులుతుందట, అదే 100 శాతం ఛార్జ్‌తో 40 డిగ్రీల దగ్గర పెడితే 65 శాతమే. వాడకుండా ఊరికే ఉంచితేనే ఇంత తేడా! అందుకే నేను ముందు వేడి సంగతి చూడమంటాను, పర్సెంటేజీల లెక్కలు ఆ తర్వాత.

ఐఫోన్‌కి 35 డిగ్రీలు దాటిన చోటు మంచిది కాదని, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ వాళ్ళే రాశారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడలోనే 44, 45 ఉంటుంది కదా, ఇంక ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద ఎంతుంటుందో ఆలోచించండి. అన్నిటికన్నా ఎక్కువ కష్టం డెలివరీ చేసే తమ్ముళ్ళ ఫోన్లకే, బైక్ హ్యాండిల్ మీద నేరుగా ఎండ, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్, మ్యాప్, డేటా నడుస్తూనే ఉంటాయి, దానికి తోడు పవర్‌బ్యాంక్ నుంచి ఛార్జింగ్. మీరు ఆ పని చేస్తుంటే బయల్దేరే ముందే ఇంట్లో ఛార్జ్ చేసుకోండి, రోడ్డు మీద తప్పనిసరైతే ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడు పెట్టండి, దారి తెలిసిన చోటికైతే స్క్రీన్ ఆపి వాయిస్ వింటూ వెళ్ళండి. హ్యాండిల్ మీద ఫోన్‌కి పైన చిన్న గొడుగులాంటి కవర్ పెట్టుకున్నా చాలా నయం.

ఇంట్లో అయితే ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోన్ దిండు కిందా దుప్పట్లోనూ ఉండకూడదు, వేడి బయటికి పోదు, ప్రమాదం కూడా. మందపాటి పౌచ్ ఉంటే తీసేయండి. ఛార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడితే రెండు వేడులూ కలుస్తాయి, పిల్లలకి ఇది ఓపిగ్గా చెప్పాలి. ఫోన్ బాగా కాలిపోతుంటే ఛార్జర్ తీసి ఫ్యాన్ కింద పెట్టండి, ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి ఇది తిరగబడుతుంది. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంలా పేరుకుపోతుంది, ఆ నష్టం మళ్ళీ బాగవదు. రాత్రంతా కార్లో ఉండిపోయిన ఫోన్‌ని ఇంట్లోకి తెచ్చాక కాసేపు ఆగి, మామూలు వేడికి వచ్చాకే ప్లగ్ పెట్టండి.

ఇక పర్సెంటేజ్ సంగతి. రోజూ 20 నుంచి 80 మధ్య తిప్పుకుంటే చాలు. ఊరెళ్తున్నారు, ఫుల్ కావాలి, అప్పుడు ఫుల్ చేసుకోండి, భయపడొద్దు, కాకపోతే ఫుల్ చేసి గంటలు గంటలు అలా వదిలేయకుండా బయల్దేరే ముందు చెయ్యండి. 100 శాతం దగ్గర బ్యాటరీ వోల్టేజ్ 4.2 వోల్టుల దాకా, కొన్ని ఫోన్లలో ఇంకా పైకి వెళ్తుంది, ఆ ఒత్తిడిలో ఎంతసేపు కూర్చుంటే అంత అరుగుతుంది. రాత్రంతా ప్లగ్‌లో ఉంచితే ఓవర్‌ఛార్జ్ అయిపోతుందనే భయం అక్కర్లేదు, ఫోనే ఆపుకుంటుంది, కానీ తెల్లారేదాకా ఫుల్‌లోనే ఉంటుంది, అదే సమస్య. ఐఫోన్ 15 నుంచి 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, శామ్‌సంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని ఉంటుంది, ఒకసారి ఆన్ చేసి మర్చిపోండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళ ల్యాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి దానికి ఇది ఇంకా ముఖ్యం. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో బ్యాటరీ కేర్, మిగతా కంపెనీల్లో వాళ్ళ సొంత యాప్‌లోనో బయోస్‌లోనో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఇలాంటిదే చాలాసార్లు దొరుకుతుంది. పరుపు మీద పెట్టి పనిచెయ్యొద్దు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

బీరువాలో పడేసిన పాత ఫోన్, ట్యాబ్ కూడా గుర్తుంచుకోండి. సున్నా అయిపోయాక పెట్టేస్తే నెలల తరబడి లోలోపల ఇంకా దిగిపోయి, తర్వాత ఛార్జర్ పెట్టినా లేవదు. సగం ఛార్జ్ చేసి, స్విచ్చాఫ్ చేసి, చల్లటి చోట పెట్టి, ఆర్నెల్లకోసారి చూసుకుంటే చాలు. పవర్‌బ్యాంక్‌కీ ట్రిమ్మర్‌కీ ఇదే పద్ధతి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఉబ్బిన బ్యాటరీ. ఫోన్ స్క్రీన్ ఒక పక్క లేచినా, వెనక మూత ఎత్తుగా అనిపించినా, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా అనుమానించాల్సిందే. వెంటనే ఛార్జింగ్ మానేయండి, నొక్కి సరిచేద్దామని చూడొద్దు, గుచ్చి గాలి తీద్దామని అసలే వద్దు, మంట లేచే అవకాశం ఉంది, దయచేసి ఈ ఒక్క విషయంలో సాహసం చెయ్యకండి. స్విచ్చాఫ్ చేసి, చుట్టూ అంటుకునేవి లేని చోట పెట్టి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. చెత్తబండిలో వెయ్యొద్దు, లారీలో నలిగితే అక్కడా అంటుకుంటుంది. 2022లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

విమానంలో పవర్‌బ్యాంక్ చేతిబ్యాగులోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు, మామూలుగా 100 వాట్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) దాకా అనుమతిస్తారు. 20000 ఎంఏహెచ్‌ది అయితే 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్ వస్తుంది కాబట్టి ఫర్వాలేదు.

ఎంత చూసుకున్నా అరుగుదల ఆగదు. ఐఫోన్ 14 దాకా 500 సైకిళ్ళకి, 15 నుంచి 1000 సైకిళ్ళకి 80 శాతం మిగిలేలా చేశామని ఆపిల్ చెప్తోంది, సైకిల్ అంటే ఫుల్ ఛార్జ్ మొత్తం ఒకసారి వాడినంత, సగం సగం రెండుసార్లు వాడినా ఒకటే లెక్క. కెపాసిటీ 80 శాతం కన్నా తగ్గి, ఫోన్ 15 శాతం ఛార్జ్ దగ్గరే ఆగిపోతుంటే బ్యాటరీ మార్పించండి, కొత్త ఫోన్ కొనక్కర్లేదు. బయట షాపులో వేయిస్తే బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూసి, బిల్లు తీసుకోండి. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీళ్ళు పోకుండా ఉండే సీల్ ముందులా ఉంటుందని నమ్మలేం, కాబట్టి ఆ తర్వాత దాన్ని వానలో బయటికి తీయకండి.