ప్రీపెయిడ్ సిమ్ మొరాయిస్తే: కౌంటర్ దగ్గర రోజూ వినే సమస్యలు, వాటి పరిష్కారాలు

విశాఖపట్నం కంచరపాలెంలో నాదొక చిన్న రీచార్జ్ షాపు. స్క్రాచ్ కార్డు గోకి నంబర్ కొట్టిన రోజుల నుంచి ఇప్పటి యూపీఐ దాకా ఇదే కౌంటర్ వెనక ఉన్నాను. ప్రీపెయిడ్‌లో డబ్బు ముందు పోతుంది, సేవ తర్వాత వస్తుంది. మధ్యలో తేడా జరిగితే డబ్బు కంపెనీవాళ్ల చేతిలో ఉంటుంది, తిరుగుడు మనకి మిగులుతుంది. పోయేది పదో ఇరవయ్యో కాబట్టి చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు. నాకు బాధ అక్కడే. ఆ పదీ ఇరవై తిరిగి అడిగే దారి రూల్స్‌లోనే ఉంది. ఏ సమస్యకి ఏది కారణం, ఏం చేయాలి అన్నది మా కౌంటర్ దగ్గర జనం అనే మాటల్లోనే రాస్తున్నాను.

"డబ్బులు కట్ అయ్యాయి, ప్యాక్ పడలేదు"

ముందు చూడాల్సింది ఏ నంబర్‌కి వేశారన్నది. యాప్‌లో పాత నంబర్ల లిస్టు ఉంటుంది కదా, తొందరలో అమ్మ నంబర్‌కి బదులు బావ నంబర్ నొక్కేసినవాళ్లు తరచూ వస్తుంటారు. నంబర్ సరైనదే అయితే స్టేటస్ చూడండి. పెండింగ్ అని ఉందంటే మీ ఖాతాలోంచి డబ్బు బయల్దేరింది, అవతల ఇంకా నమోదు కాలేదు. కంగారులో ఇంకోసారి కట్టకండి. కాసేపటికి రెండూ పడితే రెండోది వెనక్కి రప్పించడం చాలా కష్టం.

యూపీఐ రిఫరెన్స్ నంబర్ 12 అంకెలు ఉంటుంది. అది కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఒక రూల్ పెట్టింది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో ఖాతాలోంచి డబ్బు పోయి, అవతల కన్ఫర్మేషన్ అందకపోతే, 5 రోజుల లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. బ్యాంకుకి వెళ్లినప్పుడు ఈ మాట గట్టిగానే అడగండి.

స్టేటస్ సక్సెస్ అని ఉండి ప్యాక్ కనిపించకపోతే ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేసి, కంపెనీ యాప్‌లో చూడండి. అప్పటికీ లేకపోతే 198కి కాల్ చేయాల్సిందే, దాని సంగతి చివర్లో చెప్తాను. షాపులో వేయించుకున్నవాళ్లయితే షాపువాడిని ట్రాన్సాక్షన్ ఐడీ అడగండి. మా లాపులోంచి, అంటే షాపువాళ్లు రీచార్జ్‌లు వేసే ఖాతాలోంచి, డబ్బు కట్ కాగానే ఆ మెసేజ్ మాకు వస్తుంది. దాన్ని మీకు ఇవ్వడం మా బాధ్యత.

వేరే నంబర్‌కి పడిపోతే మాత్రం ఆ నిమిషంలోనే కస్టమర్ కేర్‌కి చెప్పండి. అవతలివాళ్లు వాడేశాక సాధారణంగా కంపెనీలు వెనక్కి ఇవ్వవు. అందుకే నేను డబ్బు తీసుకునే ముందు పది అంకెలూ పైకి చదివి వినిపిస్తాను.

"నిన్ననే వేయించాను, బ్యాలెన్స్ అప్పుడే కరిగిపోయింది"

పెదజాలారిపేట నుంచి చేపలు అమ్ముకుంటూ మా వీధికి ఒక పెద్దావిడ వస్తుంది. ఒకరోజు గంప మెట్టు మీద దించి, కొంగులోంచి కీప్యాడ్ ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. "బాబూ, నిన్ననే కదా యాభై ఏయించినాను, అప్పుడే ఏటైపోనాదో సూడు" అంది. అంకెల మీద చిన్న చిన్న పొలుసులు ఎండి అంటుకుని ఉన్నాయి. మెసేజ్‌లు తెరిస్తే ఏదో పాటల సర్వీసు ఆన్ అయినట్టు, 15 రూపాయలు తీసుకున్నట్టు ఇంగ్లీషులో ఉంది. తెర మీద దానంతటదే మెరిసే డబ్బా వచ్చినప్పుడు అది పోవడానికి ఓకే నొక్కింది. ఆవిడ చేసిన తప్పల్లా అంతే.

దీన్ని వ్యాల్యూ యాడెడ్ సర్వీస్ అంటారు. కాలర్ ట్యూన్, జాతకాలు, క్రికెట్ స్కోరు, ఆటలు, ఇలాంటివన్నీ ఆ కోవలోవే. మెయిన్ బ్యాలెన్స్ దీనికి మేత. ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, వీటికి కస్టమర్ రెండుసార్లు ఒప్పుకోవాలని నియమం పెట్టింది. ఆపడానికి అన్ని కంపెనీలకీ కలిపి ఒకే టోల్ ఫ్రీ నంబర్ ఉంది: 155223. ఆ సిమ్ నుంచే కాల్ చేయాలి. నేను అడగకుండా ఆన్ అయింది అని 24 గంటల లోపు చెప్తే కట్ అయిన డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఆవిడ ఫోన్ నుంచే కాల్ చేయించాను. మర్నాడు ఆ 15 రూపాయలు తిరిగి పడ్డాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నెలకోసారి తీసుకుని మెసేజ్‌లు చదవండి. వాళ్లు మనకి చెప్పడానికి మొహమాటపడతారు.

ఇంకో చిన్న విషయం. 10 రూపాయల టాపప్ వేస్తే మామూలుగా 7 రూపాయల 47 పైసలే వస్తాయి. అందులో మోసం లేదు. 18 శాతం జీఎస్టీ కింద రూపాయి 53 పైసలు, ప్రాసెసింగ్ ఫీజు కింద ఒక రూపాయి పోతాయి.

"నెల ప్యాక్ అన్నారు, నెల కాకుండానే అయిపోయింది"

అది 28 రోజుల ప్యాక్. సంవత్సరానికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించుకోవాల్సి వస్తుంది. దీని మీద ఫిర్యాదులు వచ్చాక ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్యాక్ ఒకటి పెట్టాలని చెప్పింది. యాప్‌లో అవి కింద ఎక్కడో ఉంటాయి, వెతికి తీయండి. జీతం మీద బతికేవాళ్లకి తేదీ మారని ప్యాక్ హాయి.

ఇంట్లో ముసలివాళ్లకి కీప్యాడ్ ఫోన్ ఉంటే వాళ్లకి రోజుకి ఇన్ని జీబీల డేటా ప్యాక్ వేయించడం డబ్బు దండగ. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ రూల్ మార్చాక కాల్స్, ఎస్ఎమ్ఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు వచ్చాయి. వేలిడిటీ 365 రోజుల దాకా ఉండొచ్చు. షాపువాడు చెప్పకపోతే మీరే అడగండి.

"సిగ్నల్ నిండా ఉంది, నెట్ మాత్రం తిరుగుతూనే ఉంది"

ముప్పావు వంతు కేసుల్లో ఆ రోజు కోటా అయిపోయి ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలు వీడియోలు చూశాక సాయంత్రానికి స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడులో మెసేజ్ వెళ్తుంది గానీ ఫొటో కదలదు. డేటా బూస్టర్, అంటే అదనపు డేటా, వేయించే ముందు బేస్ ప్యాక్ (మీ అసలు ప్యాక్) బతికి ఉందో లేదో చూసుకోండి. బేస్ ప్యాక్ అయిపోతే చాలా బూస్టర్లు పనిచేయవు.

కోటా ఉన్నా రాకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి అరనిమిషం తర్వాత తీసేయండి. కొత్త ఫోన్‌లో సిమ్ వేసినవాళ్లు ఏపీఎన్ (ఫోన్‌ని కంపెనీ నెట్‌కి కలిపేది) సెట్టింగ్ రీసెట్ చేయండి. డేటా అసలు ఆపేసి ఉంటే స్టార్ట్ అని 1925కి మెసేజ్ పెడితే ఆన్ అవుతుంది, స్టాప్ అని పెడితే ఆగుతుంది.

మన ఊళ్లో కొండల సంగతి కూడా ఉంది. సింహాచలం ఘాట్ రోడ్డులో, కైలాసగిరి వెనక వైపు, యారాడ దిగేటప్పుడు సిగ్నల్ తగ్గితే ఫోన్‌ని తిట్టి లాభం లేదు, కొండ అడ్డం వస్తుంది. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ల లోపలి గదుల్లో కాల్ కట్ అవుతుంటే, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఇల్లు మారేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో కవరేజ్ మ్యాప్ చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

"ఓటీపీ రావడం లేదు"

ప్యాక్ అయిపోయిందేమో చూడండి. తర్వాత ఇన్‌బాక్స్ నిండిందేమో చూడండి, కీప్యాడ్ ఫోన్లలో ఇదే ఎక్కువ. ఈమధ్యే సిమ్ మార్చుకుని ఉంటే కొత్త సిమ్ ఆన్ అయ్యాక 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు రావు, పోవు. ఎవరో మీ పేరు మీద సిమ్ తీసి బ్యాంకు ఖాతా ఖాళీ చేయకుండా పెట్టిన జాగ్రత్త అది, ఓపిక పట్టండి. డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్, మెసేజ్‌లు ఆపే ఏర్పాటు, పెట్టుకోవడం వల్ల ఓటీపీలు ఆగవు. ప్రకటనల కాల్స్ పోరు పడలేకపోతే స్టార్ట్ 0 అని 1909కి ధైర్యంగా పంపండి.

మీరు సిమ్ మార్చమని అడగకుండానే ఫోన్ ఒక్కసారిగా నో సర్వీస్ అయిపోతే ఆలస్యం చేయకండి. వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకి, తర్వాత కంపెనీకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

"కొన్నాళ్లు వాడలేదు, నంబరే పోయింది"

దీనికి నా దగ్గర సొంత అనుభవం ఉంది. మా బావ షిప్పులో పనిచేస్తాడు. ఈ ఊళ్లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, షిప్పులవాళ్లు, గల్ఫ్ వెళ్లినవాళ్లు. ఎనిమిది నెలల తర్వాత దిగి సిమ్ వేస్తే మూగగా ఉంది. పన్నెండేళ్ల నంబర్. బ్యాంకు, ఆధార్, గ్యాస్, పిల్లల స్కూలు, అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. కంపెనీ ఆఫీసులో అడిగితే ఆ నంబర్ ఎప్పుడో తీసేశామన్నారు. మా అక్క ఆ రోజంతా బ్యాంకుల చుట్టూ తిరిగింది. ఇంట్లో రీచార్జ్ షాపు పెట్టుకుని కూడా నేను ముందే చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు సముద్రం మీదకి వెళ్తున్నా ఈ మూడు మాటలు చెప్పి పంపుతున్నాను.

సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ నంబర్ తీసేయొచ్చు. కానీ మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తీసేయకూడదు. తీసేశాక కూడా 15 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, ఆ లోపు అడిగితే అదే నంబర్ తిరిగి ఇవ్వాలి. అది కూడా దాటితే కొన్నాళ్లకి ఆ నంబర్ ఇంకొకరికి వెళ్లిపోతుంది, వాళ్ల ఫోన్‌కి మీ బ్యాంకు మెసేజ్‌లు పోతాయి.

కాబట్టి వెళ్లేముందు 365 రోజుల ప్యాక్ వేయించండి, పైన 50 రూపాయల టాపప్ పెట్టండి. సిమ్‌ని మీ సంచిలో పెట్టుకుని పోకుండా ఇంట్లో ఒక పాత ఫోన్‌లో వేసి, నమ్మకమైన మనిషి చేతికి ఇచ్చి, వారానికోసారి ఒక కాల్ చేయమనండి. నంబర్ ఎలాగూ వదులుకునేటట్టయితే ముందు బ్యాంకులోనూ ఆధార్‌లోనూ మార్పించుకోండి.

"పోర్ట్ పెడితే కోడ్ రావడం లేదు"

పోర్ట్ అంటే నంబర్ మారకుండా కంపెనీ మారడం. దానికి కోడ్ కావాలంటే పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ కొట్టి 1900కి పంపాలి. ఆ పదం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. కోడ్ రాకపోవడానికి మామూలు కారణాలు రెండు. ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులు కాకపోవడం ఒకటి, సిమ్ మార్చి 7 రోజులు కాకపోవడం ఇంకొకటి. ఈ రెండో రూల్ 2024 జులై 1 నుంచి వచ్చింది. ప్యాక్ అయిపోయింది కాబట్టి మెసేజ్ పోదు, ముందు రీచార్జ్ చేయించుకో అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ప్యాక్ ఉన్నా లేకపోయినా ఆ ఎస్ఎమ్ఎస్ పోవాలని ట్రాయ్ 2021 డిసెంబర్‌లోనే ఆదేశించింది.

కోడ్ నాలుగు రోజులే పనిచేస్తుంది. సర్కిల్ (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) లోపల పోర్ట్ మూడు పనిదినాల్లో అవుతుంది, వేరే సర్కిల్‌కి అయితే ఐదు. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తెలంగాణ కూడా కలిసే ఉంది, కాబట్టి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు. పాత కంపెనీలో మిగిలిన బ్యాలెన్స్ మాత్రం రాదు, ప్యాక్ చివరి రోజుల్లో పోర్ట్ పెట్టుకోండి.

"ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోవడం లేదు"

కస్టమర్ కేర్‌లో గంట మాట్లాడి ఖాళీ చేతులతో ఫోన్ పెట్టేస్తారు చాలామంది. ఫిర్యాదు నమోదు కాకపోతే ఆ గంట లెక్కలోకి రాదు. 198 ఫిర్యాదుల నంబర్, డబ్బు పడదు. మాట్లాడినవాళ్లు డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నమోదు నంబర్, ఇవ్వాలి, మెసేజ్ కూడా రావాలి. ఆ నంబర్ రాకుండా కాల్ పెట్టేయొద్దు. తేదీ, టైమ్, డాకెట్ నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. నేను రీచార్జ్ రసీదు వెనకే రాసి ఇస్తుంటాను.

చెప్పిన గడువులో పని కాలేదు, లేదా వాళ్ల జవాబు మీకు నచ్చలేదు అనుకోండి. 30 రోజుల లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి (అప్పీళ్లు వినే పై అధికారులకి) అప్పీల్ చేయొచ్చు, ఫీజు లేదు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి రాస్తే పరిష్కరిస్తారని కొందరు అనుకుంటారు గానీ, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు. టెలికాం శాఖకి చెప్పాలంటే కేంద్ర ప్రభుత్వం ఫిర్యాదుల కోసం పెట్టిన పీజీ పోర్టల్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అప్పీల్ తిరస్కరించిన జవాబు కూడా అక్కడ జత చేయండి.

అదీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం కంపెనీల మీద అక్కడ కేసు వేయకూడదని కంపెనీలు వాదించేవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి, వేయొచ్చని తేల్చింది. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే కమిషన్‌లో ఫీజు ఉండదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. స్క్రీన్‌షాట్, డాకెట్ నంబర్, అప్పీల్ జవాబు, ఈ మూడూ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి.