పొటాషియం పరీక్షకు రక్తం ఇచ్చే ముందు

బీపీ, గుండె మందులు వాడేవాళ్ళకి డాక్టర్లు సోడియం, పొటాషియం పరీక్ష తరచూ రాస్తారు. పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా పెరిగినా, బాగా తగ్గినా గుండె లయ తప్పుతుంది. వెళ్ళే ముందు ఇవి చూసుకోండి.

• మందుల చీటీ వెంట ఉంచుకోండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ పొటాషియాన్ని పెంచగలవు. ఫ్రూసెమైడ్ లాంటి, ఒంట్లో నీరు తీసే మాత్రలు తగ్గిస్తాయి. పరీక్ష కోసమని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు.

• కొబ్బరినీళ్ళ సంగతి డాక్టరుకి చెప్పండి. కోనసీమలో బొండాం తాగడం మామూలే, కానీ దానిలో పొటాషియం బాగా ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి అది ప్రమాదం కావచ్చు. బీపీకి మంచిదని కొనే ‘లో సోడియం’ ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

• ఈ మధ్య వాంతులు, విరేచనాలు అయి ఉంటే అదీ చెప్పాలి.

• రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించి వదలొద్దు. పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

• ఊళ్ళో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తుంటే, శాంపిల్ అమలాపురమో భీమవరమో ల్యాబుకి ఎప్పటికి చేరుతుందో అడగండి. గంటల తరబడి ఆలస్యమైతే రక్తకణాల్లోని పొటాషియం బయటికొచ్చి అంకె మారిపోవచ్చు. వీలైతే ల్యాబుకే వెళ్ళి ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

• పొటాషియం తగ్గి, మాత్రలు వేసినా పెరగకపోతే మెగ్నీషియం కూడా చూడాలేమో డాక్టరుని అడగండి.

గుండెదడతో కళ్ళు తిరగడం, కాళ్ళూచేతులూ చచ్చుబడినట్టు ఉండడం లాంటివి కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.